సముద్రం దాటే లెక్చరరుకు మూడు లెక్కలు

విదేశపు కాలేజీలో లెక్చరరు ఉద్యోగం వచ్చిందనగానే ఇంటిల్లిపాదీ చేసే మొదటి పని, జీతాన్ని రూపాయల్లోకి మార్చి మురిసిపోవడం. ఆ లెక్క తప్పు కాదు. కాని అదొక్కటే చాలదు.

ముందుగా, జీతం ఏ నాణెంలో ఇస్తారో చూసుకోవాలి. మన లెక్చరర్లు ఎందరో పాఠాలు చెప్పడానికి ఇథియోపియా వెళ్ళారు. అక్కడి నాణెం బిర్. 2024 జులై చివర దాని మారకం ధరను బజారుకు వదిలేశారు. అంతకుముందు డాలరుకు సుమారు 57 బిర్లు; ఆ ఏడాది చివరికి 120 దాటాయి. బిర్లలో జీతం రాయించుకున్నవారికి పాఠం అదే, శ్రమ అదే. ఇంటికి పంపే పైకం మాత్రం సగానికి పడిపోయింది. ఒమన్ రియాలు సంగతి వేరు. 1986 నుంచీ అది రియాలుకు సుమారు 2.6 డాలర్ల లెక్కన ముడిపడి కదలకుండా ఉంది.

రెండవది ఖర్చు. ఇంటి అద్దె, విమానం టిక్కెట్లు, వైద్యం, పిల్లల ఫీజులు ఎవరు భరిస్తారు? “చూద్దాం లెండి” అన్న మాటను లెక్కలోకి తీసుకోకండి. ఒప్పందంలో ఉంటేనే ఉన్నట్టు. సంసారం ఇక్కడే ఉండిపోతే రెండు పొయ్యిలు వెలగాలి.

మూడవది తిరుగు దారి. ఒప్పందం రెండేళ్ళదైతే మూడో ఏడు ఏమిటి? ఇక్కడి ఉద్యోగానికి సెలవు దొరికితే దిగులు లేదు. రాజీనామా ఇచ్చి వెళ్ళేవారు మాత్రం, తిరిగివచ్చాక ఏడాదిపాటు ఇల్లు గడిచే సొమ్మును మిగులులోంచి ముందే తీసి పక్కన పెట్టాలి.

ఇవన్నీ పోగా ఇక్కడికంటె బాగా మిగిలితే నిశ్చింతగా బయలుదేరండి. అంతంతమాత్రంగా మిగిలితే మాత్రం, ముసలి తల్లిదండ్రులను విడిచి వెళ్ళేటంతటి ఉద్యోగం కాదది.