నా పేరు మస్తానమ్మ.. మతమేంటని అడక్కండి!

పెళ్లికార్డు ప్రూఫ్ వాట్సాప్‌లో వచ్చింది. నా పేరుండాల్సిన చోట ‘మనస్విని’ అని ఉంది! ‘అబ్బాయి వాళ్లు అడిగారే.. పిలవడానికి బావుంటుందట’ అని అమ్మ నసిగింది.

నా అసలు పేరు మస్తానమ్మ. ‘మీరు ముస్లిమ్సా?’ అని ఎంతమంది అడిగారో లెక్కలేదు. 2015లో ‘బాజీరావ్ మస్తానీ’ వచ్చాక ఇంటర్ క్లాసులో నన్నేమని పిలిచారో చెప్పక్కర్లేదుగా.

మాది పర్చూరు దగ్గర పల్లె. అమ్మకు నాకంటే ముందు ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. మళ్లీ నెల తప్పగానే అమ్మమ్మ గుంటూరు వెళ్లి కాలే మస్తాన్ షా దర్గాలో మొక్కింది. ‘బిడ్డ బతికితే నీ పేరే పెట్టుకుంటా సామీ’ అని! నేను పుట్టాక మిరపకోత కూలి డబ్బులతో చక్కెర కొని, ఫాతిహా చదివించి, ఊరంతా పంచిందట.

మా వైపు ఇదేం వింత కాదు. కోటప్పకొండకు మొక్కితే కోటేశ్వరమ్మ, దర్గాకు మొక్కితే మస్తానమ్మ. మగపిల్లాడైతే మస్తాన్‌రావో, మస్తానయ్యో. నెల్లూరు జిల్లాలో కసుమూరు మస్తాన్‌వలీ దర్గా ఉంది కదా, అటువైపూ ఈ పేర్లు బాగా వినిపిస్తాయి. పిల్లలు దక్కని ఇళ్లలో దిష్టి తగలకూడదని పెంటమ్మ అని కూడా పెట్టేవాళ్లు. ఆ లెక్కన నేను లక్కీనే!

ఇంతకీ అర్థమేంటి? పారశీకంలో ‘మస్త్’ అంటే మత్తెక్కినవాడు. తాగి కాదండోయ్, దైవధ్యానంలో ఒళ్లు మరిచినవాడు. అలాంటి ఫకీర్లను మస్తాన్ అనేవారు. సంస్కృతంలో ‘మత్త’, మనం వాడే ‘మత్తు’ కూడా దీనికి చుట్టాలే. హైదరాబాద్‌లో ‘మస్తుగుంది’ అంటారే, అదీ ఈ మస్తే. దానికి మన ‘అమ్మ’ తోడైంది. పారశీకం సగం, తెలుగు సగం!

ఈ పేరును ప్రపంచానికి చూపించింది మాత్రం తెనాలి వైపు బామ్మ మస్తానమ్మ. కట్టెల పొయ్యి మీద పుచ్చకాయలో చికెన్ వండిన ఆ యూట్యూబ్ బామ్మ గుర్తుందా? నూరేళ్లు దాటిన వయసులో స్టారై, 2018 డిసెంబరులో కన్నుమూసింది. ఆమె వీడియోలు చూస్తున్న రోజుల్లోనే హాస్టల్లో మొదటిసారి నా పూర్తి పేరు చెప్పుకున్నా.

ప్రూఫ్ తిప్పి పంపించేశా. అబ్బాయికి నేనే ఫోన్ చేసి మొక్కు సంగతి చెప్పా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘మరి బ్రాకెట్‌లో మనస్విని?’ అన్నాడు. వద్దన్నా.

కార్డులొచ్చాయి. అమ్మమ్మకు మోకాళ్ల నొప్పులు. అయినా మొదటి కార్డు గుంటూరు దర్గాలో తనే పెట్టాలట, ఆటో మాట్లాడమంటోంది.