రెండు నదులను కలిపిన కాలువ

గోదావరిఖని బాలలకు గోదావరి ఇంటిముంగిటి నది. వేసవిలో ఇసుకతిన్నెల నడుమ సన్నని పాయలుగా పారు ఈ నదియే వానకాలమున ఒడ్డులొరసి పొంగును. ఇంతటి నదిని మరియొక నదితో కలుపరాదా? ఈ ప్రశ్న నేటిది కాదు.

1833 ప్రాంతమున గుంటూరు సీమలో ఘోరమైన కరవు వచ్చి లెక్కకు మిక్కిలి జనులు మరణించిరి. నీరు లేక పంటలు పోయెను. దారులు లేక ధాన్యము సకాలమున చేరకపోయెను. ఈ రెండు లోపములకును కాలువయే మందని సర్ ఆర్థర్ కాటన్ (1803–1899) అను ఇంజనీరు తలంచెను. అది పొలమునకు నీరు, పడవకు బాట. ఆయన పూనికతో ధవళేశ్వరము కడ గోదావరి ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసెను. 1855 నాటికి బెజవాడ కడ కృష్ణకును ఆనకట్ట ఏర్పడెను.

గోదావరి నుండి విజ్జేశ్వరము కడ బయలుదేరిన కాలువయు, కృష్ణ నుండి బెజవాడ కడ బయలుదేరిన కాలువయు ఏలూరున కలిసికొనెను. ఇట్లు రాజమహేంద్రవరపు పడవ బెజవాడ చేరి, కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువల మీదుగా చెన్నపట్టణము దాక పోగలిగెను.

పల్లమునుండి మిట్టకు పడవ యెట్లెక్కును? అందులకే లాకులు. లాకు రెండు తలుపుల నడిమి తొట్టి. పడవ లోనికి వచ్చిన పిదప క్రింది తలుపు మూసి పైనుండి నీరు విడుతురు. నీటితో పాటు పడవయు లేచును. నీరు పై కాలువ మట్టమునకు రాగానే పై తలుపు తెరతురు.

ఐతే ఒక విశేషము గమనింపుడు. రెండు కాలువలును ఏలూరు వైపే పల్లముగా పారును. కావున పడవ గోదావరినుండి కృష్ణకు పోగలిగెను గాని, గోదావరి నీరు పోలేదు. నీరు పల్లమెరుగునని పెద్దలు చెప్పలేదా! రైళ్లు వచ్చిన పిమ్మట పడవలు తగ్గి, క్రమముగా మానిపోయెను. ఆ కాలువలు మాత్రము నేటికిని పొలములను తడుపుచున్నవి.

గోదావరి నీటిని కృష్ణకు చేర్చుట 2015లో వేరొక త్రోవను జరిగెను. పట్టిసీమ కడ పంపులతో నీటిని పైకి తోడి, కాలువ ద్వారా ఇబ్రహీంపట్నము కడ కృష్ణలో కలిపిరి. పంపునకు విద్యుత్తు కావలెను. మన దేశమున విద్యుత్తులో పెద్దపాలు బొగ్గునుండియే పుట్టుచున్నది. రామగుండపు విద్యుత్కేంద్రమున మండునదియు బొగ్గే గదా!

బాలలారా! పల్లమునకు పారు నీరు ఖర్చు లేక పారును. మిట్టకెక్కు ప్రతి బిందువునకును వెల యున్నది. ఆ వెలలో గనికార్మికుని చెమటయు కలదు. కనుక తోడిన నీటిని వృథా చేయరాదు.