పులిచింతల ఒడ్డున పగలంతా నడక



కార్తీకం వచ్చిందంటే మన నందిగామ, జగ్గయ్యపేట ఇళ్లలో వనభోజనాల మాట వస్తుంది. మామిడితోటలో జంపఖానా పరుచుకుని, పులిహోర, గారెలు తిని, అంత్యాక్షరి ఆడుకుని పొద్దుగూకేసరికి ఇల్లు చేరడం అలవాటు. కిందటేడు మా వీధి ఆడవాళ్లం ఏడుగురం కాస్త ఎక్కువ ఆశపడ్డాం. ఎప్పుడూ తిని కూర్చోవడమేనా, పులిచింతల జలాశయం ఒడ్డున అడవిలో పగలంతా నడిచి వద్దాం అనుకున్నాం. వెళ్లాం, వచ్చాం. కాని మధ్యలో మా పక్కింటి వదినగారికి ప్రాణం మీదికి వచ్చినంత పనైంది. అలా ఎందుకు జరిగిందో మీకు చెప్పాలనే ఇవాళ ఈ నాలుగు మాటలు.

ముందు ఆ జలాశయం సంగతి. నాగార్జునసాగర్‌కూ విజయవాడ ప్రకాశం బ్యారేజీకీ నడుమ, ముక్త్యాలకు ఎగువన, కృష్ణకు అడ్డంగా కట్టిన ఆనకట్ట ఇది. వేదాద్రి నరసింహస్వామి దానికి దిగువన, మట్టపల్లి నరసింహస్వామి ఎగువన అంటే మనవాళ్లకు చప్పున అర్థమవుతుంది. కంకిపాడులో 1902లో పుట్టి కేంద్రంలో నీటిపారుదల మంత్రిగా పనిచేసిన కె.ఎల్. రావుగారి పేరు పెట్టారు. 2013 డిసెంబరులో ప్రారంభమైంది. నిండితే 45.77 టి.ఎం.సి.ల నీరు, సముద్రమట్టానికి 175 అడుగుల ఎత్తున నిలుస్తుంది. కుడి ఒడ్డు పల్నాడు జిల్లా, ఎడమ ఒడ్డు తెలంగాణలోని సూర్యాపేట జిల్లా. (మన రెండు ఊళ్లూ 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి గాని, నా నోటికి ఇంకా కృష్ణాజిల్లా అనే వస్తుంది.) డెల్టాలో నారుమళ్లకు వేళకు నీరందాలని కట్టిన ఈ జలాశయం కింద ఎన్నో ఊళ్లు మునిగాయి. ఒడ్డున కూర్చుని ఫొటోలు తీసుకునేటప్పుడు ఆ సంగతి కూడా గుర్తుంచుకోవాలి మరి.

మా మొదటి పొరపాటు "చుట్టూ తిరిగి వద్దాం" అనుకోవడం. ఊరి చెరువు గట్టు మీద అలవాటైన కాళ్లు కదా! జలాశయం చెరువు కాదు. నది మీద ఆనకట్ట కట్టగానే నీరు వెనక్కి తన్ని, నదిలో కలిసే ప్రతి వాగులోకీ ఎగబాకుతుంది. మీ అరచేతిని వేళ్లు చాపి నేల మీద ఆనించి, దాని అంచు వెంట ముగ్గు పోయండి. బొటనవేలి నుంచి చిటికెనవేలికి అడ్డంగా గీస్తే జానెడు గీత. వేళ్ల సందుల్లోకి వెళ్లి వస్తూ గీస్తే ఆ గీత ఎన్ని జానలవుతుందో చూడండి. ఒడ్డు కూడా అంతే. ఎదురుగా కనిపించే గుట్ట పిలిస్తే పలికేంత దూరంలో ఉంటుంది. అక్కడికి చేరాలంటే వాగు తల దాకా వెళ్లి మళ్లీ రావాలి. అలాంటి వాగులు రెండు దాటేసరికి మాకు గంటన్నర పట్టింది. చుట్టూ తిరగడం ఒక్కరోజులో అయ్యే పని కాదని అప్పుడు తెలిసింది.

పోనీ, నీరు తగ్గినప్పుడు అడ్డంగా నడిచిపోతే? ఆ పని మాత్రం చెయ్యకండి. నీరు తీసిన చోట ఒండ్రు పైన ఎండి, పాల మీద మీగడలా కడుతుంది. కింద అంతా పచ్చిబురద. మోకాలి దాకా దిగితే తీసేవాళ్లు కావాలి. నీటిమట్టం కూడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. 2021 ఆగస్టులో ఇక్కడ ఒక గేటు కొట్టుకుపోతే, దాని స్థానంలో అడ్డు దించడానికి జలాశయం చాలావరకు ఖాళీ చేశారు. గేట్లు ఎత్తితే దిగువన నది చూస్తుండగానే పెరుగుతుంది. కాబట్టి ఆనకట్ట దిగువన రాళ్ల మీద కూర్చుని కాళ్లు తడుపుకోవాలనే సరదా కూడా వద్దు.

ఇక నడక లెక్క. మంచి రోడ్డు మీద గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడుస్తాం. రాళ్లు, ముళ్లకంపలు, ఎక్కుళ్లు దిగుళ్లు ఉన్నచోట అందులో సగమే అనుకోండి. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండు దేశస్థుడు కొండనడకకు ఒక లెక్క కట్టాడు. మూడు మైళ్లకు గంట, ఎక్కే ప్రతి 2000 అడుగులకు ఇంకో గంట. అది కొండలు ఎక్కి ఆరితేరిన మగవాళ్ల లెక్క, పైగా చల్లటి దేశం. మనం దాన్ని రెట్టింపు చేసుకుంటే తప్పులేదు. డిసెంబరులో మన వైపు సాయంత్రం అయిదూ నలభైకే పొద్దు గుంకుతుంది. ఎక్కడిదాకా వెళ్లినా సరే, పన్నెండు కాగానే వెనక్కి తిరగాలి. మేం "ఇంకొక్క మలుపు, ఇంకొక్క మలుపు" అంటూ ఒంటిగంటన్నర దాకా ముందుకే పోయాం.

అసలు సంగతికి వస్తాను. మూడుగంటలప్పుడు వదినగారు తుమ్మచెట్టు కింద కూలబడ్డారు. పిక్కలు పట్టేశాయి, తలపోటు, వాంతి. శీతకాలం కదా, ఎండదెబ్బ ఏమిటని మేం ఆశ్చర్యపోయాం. అడిగితే పొద్దుటి నుంచి అరగ్లాసు నీళ్లే తాగానన్నారు. ఎందుకని? మీకు నేను చెప్పాలా! పెళ్లికి బయలుదేరినా, బస్సెక్కినా మనం చేసేది అదే. దారిలో "వెళ్లాల్సి" వస్తే చాటు ఉండదని నోరు కట్టేసుకుంటాం. బస్సులో కూర్చుంటే ఎలాగో గడుస్తుంది. నడుస్తుంటే చెమట రూపంలో నీరూ ఉప్పూ పోతూనే ఉంటాయి. చెమట పట్టడానికి ఒంట్లో నీరు చాలకపోతే వేడి బయటికి సరిగా పోదు. చలికాలపు గాలిలో చెమట వెంటనే ఆరిపోతుంది కనుక అది పోతున్నట్టే తెలియదు.

ఆవిణ్ణి నీడలో పడుకోబెట్టి, కాళ్లు కాస్త ఎత్తున ఉంచి, తడిగుడ్డతో తుడిచి విసిరాం. తేరుకున్నాక గుక్కెడు గుక్కెడుగా ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు పట్టాం. కొలత గుర్తుంచుకోండి. లీటరు మంచినీళ్లకు తలకొట్టిన చెంచాలతో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా. ఉప్పు ఎక్కువైతే మేలు బదులు కీడే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో డాక్టర్ దిలీప్ మహలనబీస్ కలరా రోగులకు ఇలాంటి ద్రావణమే తాగించి ఎందరినో బతికించారు. మనిషి తడబడి మాట్లాడుతున్నా, స్పృహ తప్పినా నోట్లో ఏమీ పొయ్యకూడదు. తడిపి చల్లబరుస్తూ వెంటనే ఆస్పత్రికి చేర్చాలి.

సెల్‌ఫోను ఆ గుట్టల సందున పలకలేదు. మేకలు కాసే పిల్లవాడొకడు బండిబాట చూపించబట్టి సరిపోయింది. చీకటి పడ్డాక రోడ్డెక్కాం.

నీళ్లు మనిషికి మూడు లీటర్లకు తక్కువ వద్దు. జలాశయం నీరు అలాగే తాగకండి. చాటు కోసం ఇద్దరు నిలబడి పట్టుకునే పాతచీర ఒకటి సంచిలో పెట్టుకుంటే చాలు, తాగడానికి భయం ఉండదు. చెప్పులు కాదు, పాతవైనా బూట్లే వేసుకోండి. మన నల్లరేగడి తడిస్తే చెప్పుకు పట్టి శేరు బరువవుతుంది. పాము కరిస్తే కోతలూ కట్లూ వద్దు, కదలకుండా మోసుకుని ఆస్పత్రికే. రిజర్వు అడవిలోకి వెళ్లేముందు అటవీశాఖవారి అనుమతి అడగండి. వేసవిలో మాత్రం ఈ తలపే పెట్టుకోవద్దు. రెంటచింతల ఎండల పేరు విన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఈ కార్తీకానికి మళ్లీ వెళదామని అంటున్నది వదినగారే. పాతచీర కూడా ఆవిడే తీసి పెట్టారు, ముదురు రంగుది, జరీ లేనిది.