ఏసీలో గ్యాస్ ఎక్కడికి పోతుంది?

ఏప్రిల్ వచ్చిందంటే చోడవరంలో ఏసీ ఉన్న ఏ ఇంట్లోనైనా వినబడే మాట ఒకటే: “చల్లబడట్లేదు, గ్యాస్ అయిపోయినట్టుంది.” మెకానిక్ వస్తాడు, సిలిండరు తగిలిస్తాడు, గది చల్లబడుతుంది. పైయేడు మళ్లీ అదే తంతు. వంటగ్యాస్ మండి ఖర్చవుతుంది కనక ఏసీలోదీ అంతేననుకుంటాం. కానీ ఏసీలో గ్యాస్ ఖర్చు కాదు. రాగి గొట్టాల్లో బిగించి ఉన్న అదే గ్యాస్ లోపలి కాయిల్లో ఆవిరవుతూ గదిలోని వేడిని పీల్చుకుంటుంది, బయటి కాయిల్లో మళ్లీ ద్రవమవుతూ ఆ వేడిని వదిలేస్తుంది. కంప్రెసర్ చేసేది దాన్ని నొక్కి తిప్పడమే. ఏళ్ల తరబడి వాడినా అది తగ్గకూడదు. తగ్గిందంటే ఎక్కడో కన్నం పడింది. ఆ కన్నం వెతకకుండా గ్యాస్ ఎక్కిస్తే మన డబ్బు గాలిలో కలిసిపోతుంది.

అసలు తగ్గింది గ్యాసేనా, లేక తేమో దుమ్మో అడ్డుపడుతోందా అన్నది ముందు తేలాలి. అనకాపల్లి జిల్లాలోని చోడవరానికి ఈ ఉక్కపోత సముద్రం ఇచ్చిందే. అనంతపురంలో హాయినిచ్చే కూలర్ ఇక్కడ గదిని మరింత జిడ్డుగా చేస్తుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే నీరు ఇంకెలా ఆవిరవుతుంది? ఇక్కడ ఏసీకి రెండు పనులు: గాలిని చల్లబరచడం, తేమను పిండడం. 1902లో విల్లిస్ కారియర్ న్యూయార్క్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్ కోసం మొదటి ఆధునిక ఏసీని రూపొందించింది కూడా కాగితాలు తేమకు సాగిపోకుండా కాపాడడానికే. లీటరు నీటిని గాలిలోంచి రాల్చాలంటే దాదాపు 0.67 కిలోవాట్ అవర్ల వేడిని లాగెయ్యాలి. టన్నున్నర ఏసీ పూర్తి సామర్థ్యం సుమారు 5.2 కిలోవాట్లు. అది గంటకు రెండు లీటర్ల నీరు రాలిస్తే పావువంతు బలం తేమకే సరిపోతుంది. ముసురు పట్టినట్టున్న రోజు ఏసీ కాస్త నెమ్మదిస్తే అది రోగం కాకపోవచ్చు.

ఇక దుమ్ము. రోడ్డు దుమ్ముకి పొలాల్లో చెరకు ఆకు కాల్చిన మసి తోడై ఫిల్టర్‌ని, కాయిల్‌ని మూసేస్తుంది. గాలి సరిగా ఆడకపోతే లోపలి కాయిల్ అతిగా చల్లబడి మంచు పడుతుంది, గేజ్‌లో ప్రెషర్ పడిపోతుంది. గ్యాస్ తగ్గినప్పుడు కనిపించేవీ ఇవే లక్షణాలు! గేజ్ ముల్లు చూసి గ్యాస్ ఎక్కించేస్తే, తర్వాత ఫిల్టర్ కడిగినప్పుడు ఆ గ్యాస్ ఎక్కువై కంప్రెసర్ మీద భారం పడుతుంది. అందుకే ముందు సర్వీసింగ్ చేసి, తర్వాతే గేజ్ తగిలించే మెకానిక్‌ని నేను నమ్ముతాను. ఫిల్టర్ కడగడానికి మెకానిక్ అక్కర్లేదు. వేసవిలో రెండు వారాలకోసారి కుళాయి కింద కడిగి నీడలో ఆరబెడితే చాలు.

నిజంగా లీకే అయితే ఎక్కువగా గొట్టాల జాయింట్ల దగ్గర ఉంటుంది, లేదంటే కాయిల్లో. తేమ, గాలి, ప్లైవుడ్ జిగురుల నుంచో క్లీనింగ్ ద్రవాల నుంచో వచ్చే సేంద్రియ ఆమ్లాల ఆవిరి మూడూ కలిస్తే రాగి గోడలో చీమలపుట్ట దారుల్లాంటి సన్నటి సొరంగాలు పడతాయి. కంటికి ఆనవు. పొడి నైట్రోజన్‌ని ప్రెషర్‌తో నింపి, జాయింట్లకు సబ్బు నురగ రాసి బుడగల కోసం చూడాలి. నైట్రోజన్ లేదని ఆక్సిజన్ వాడితే మాత్రం ఒప్పుకోవద్దు. ఆక్సిజన్, కంప్రెసర్ నూనె కలిస్తే పేలిపోగలవు, ప్రాణాలు పోతాయి.

లీకు మూసేశాక వాక్యూమ్ పంపు పెట్టాలి. తొందరలో చాలామంది దాటేసే పని ఇదే, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. ఇక్కడి గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో చేసినవాళ్లకు దీని సూత్రం చేతిలో పనే. బెల్లం పెనంలో పాకం వంద డిగ్రీలు దాటి మరుగుతుంది. ఫ్యాక్టరీ వాక్యూమ్ పాన్‌లో గాలి లాగేస్తారు కనక అంతకు చాలా తక్కువ వేడికే మరిగిపోతుంది. ఏసీ గొట్టంలో ఒత్తిడిని మామూలు గాలి ఒత్తిడిలో ఇరవై నాలుగో వంతుకి దించితే 30 డిగ్రీలకే నీరు మరుగుతుంది. పంపు అంతకన్నా చాలా కిందికి దించుతుంది కనక లోపల చిక్కుకున్న తడి ఆవిరై బయటికొచ్చేస్తుంది. తడి మిగిలితే నూనెతో కలిసి ఆమ్లమై కంప్రెసర్‌ని లోపలినుంచి తినేస్తుంది. ఈ పనికి అరగంటైనా పడుతుంది. ఐదు నిమిషాల్లో ముగించేవాళ్లని ఆపండి.

ఆ తర్వాత గ్యాస్‌ని తూకం వేసి నింపాలి. ఎన్ని గ్రాములో, ఏ రకమో అవుట్‌డోర్ యూనిట్ స్టిక్కర్ మీద ఉంటుంది. ఇన్వర్టర్ ఏసీల్లో కంప్రెసర్ వేగంతో పాటు ప్రెషరూ మారుతుంది కనక గేజ్ చూసి ఉజ్జాయింపుగా నింపడం వీటికి అసలు పనికిరాదు. ఆర్-22 గ్యాస్‌తో నడిచే పాత యంత్రంలో ఆర్-32 గ్యాస్ పోయకూడదు. ఆర్-32 ప్రెషర్ ఆర్-22 ప్రెషర్‌కి ఒకటిన్నర రెట్లకు పైనే, పైగా అది మండే గుణమున్న గ్యాస్. గాలిలోకి పోయిన కిలో ఆర్-32 వందేళ్ల లెక్కలో 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. ఏటా గ్యాస్ నింపించుకునే అలవాటు మన జేబుతోనే ఆగదు.

మెకానిక్‌ని పిలిచేటప్పుడు వాక్యూమ్ పంపు, తూకం మిషను తెస్తాడా అని ఫోన్లోనే అడగండి. ఐటీఐలో ఏసీ ట్రేడ్ చదివాడా, కంపెనీ శిక్షణ ఏమైనా ఉందా అన్నదీ కనుక్కోండి. 2019 మార్చిలో వచ్చిన భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక లక్షమంది సర్వీసు మెకానిక్‌లకు శిక్షణ, సర్టిఫికెట్లు ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. పట్టించుకుని అడిగే ఇళ్లు పెరిగితేనే అలా నేర్చుకున్నవాళ్లకు గిట్టుబాటు. మే నెలలో ఒక్కడే రోజంతా ఇళ్లు తిరుగుతుంటే శ్రద్ధగా చెయ్యమనడం న్యాయం కాదు, ఫిబ్రవరిలోనే సర్వీసింగ్ చేయించుకోండి. లీకు వెతకడానికి పట్టే సమయానికి వేరే కూలి ఇవ్వాలి. అది ఇవ్వం కాబట్టే గ్యాస్ మాత్రం నింపి వెళ్లిపోతున్నారు.

కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్లకు ఒక మాట. అవుట్‌డోర్ యూనిట్‌కి డాబా మీదో బాల్కనీలోనో నీడపట్టున, గాలాడే చోటు ప్లానులోనే వదలండి. రెండో అంతస్తు బయటిగోడకు వేలాడదీస్తే బయటి కాయిల్ ఏళ్ల తరబడి ఎవరూ కడగరు, కడగడానికి వచ్చినవాడు బెల్టు లేకుండా సన్‌షేడ్ మీద నిలబడాల్సి వస్తుంది.