కారు పైకప్పుపై లైట్లా.. ముందు ఫ్యూజు చూడండి

* బ్యాటరీ పక్కనే రక్షణ లేకుంటే ముప్పు
* రహదారి ఎక్కేముందు తీసివేయడమే క్షేమం

మేడ్చల్, శామీర్‌పేట: మేడ్చల్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి, శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి సాగిపోతున్నాయి. ఈ రెండింటినీ బాహ్యవలయ రహదారి కలుపుతోంది. అయితే ఈ పెద్దదారుల నుంచి పక్కకు మళ్లి తోటలకు, కోళ్లఫారాలకు, బోరుబావుల వద్దకు వెళ్లే మట్టిబాటల్లో రాత్రివేళ కారు హెడ్‌లైట్లే దిక్కు. మలుపులో గట్టు ఎక్కడుందో, పక్కన గుంత ఎక్కడుందో కానరాదు. ఈ ఇబ్బందిని తప్పించుకునేందుకు కారు పైకప్పుపై అదనపు లైట్లు పెట్టుకోవాలనుకోవడం సహజం. పని ఉన్నప్పుడు తగిలించి, ముగియగానే తీసివేసే లైట్లయితే మరింత అనుకూలం. కానీ లైటు ఎంపికలో చూపే శ్రద్ధ దానికి కరెంటు అందించే తీగపై చూపకపోతే వెలుగు మాట అటుంచి కారుకే ముప్పు వాటిల్లుతుంది.

లెక్క ఇలా..

కారు బ్యాటరీ 12 వోల్టులది. లైటుపై ముద్రించిన వాట్లను 12తో భాగిస్తే ఎన్ని ఆంపియర్ల కరెంటు అవసరమో తేలుతుంది. 55 వాట్ల హాలోజన్ లైట్లు రెండింటికి సుమారు 9 ఆంపియర్లు కావాలి. 100 వాట్లవి నాలుగు పెడితే 33 ఆంపియర్లు దాటుతుంది. 18 వాట్ల ఎల్‌ఈడీ లైట్లు రెండింటికి 3 ఆంపియర్లే చాలు.

డ్యాష్‌బోర్డులోని సిగరెట్ లైటర్ సాకెట్ చాలా కార్లలో 120 వాట్ల వరకే తట్టుకుంటుంది. ఎల్‌ఈడీ జంటకు అది నిశ్చింతగా సరిపోతుంది. హాలోజన్ జంట దాని హద్దుకు చేరుకుంటుంది. అంతకు మించితే ఫ్యూజు పోతుంది. అసలు ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది. పోయిన ఫ్యూజు స్థానంలో పెద్ద ఫ్యూజునో, రాగి పోగునో వేస్తే లైట్లు వెలుగుతాయి. కానీ ఫ్యూజు కాలవలసిన చోట తీగ కాలుతుంది. ఆ తీగ సీట్ల కింద, తివాచీ కింద ఉంటుందన్నది మరువరాదు.

ఫ్యూజు, రిలే తప్పనిసరి

పెద్ద లైట్లకు నేరుగా బ్యాటరీ నుంచే ప్రత్యేక తీగ వేయాలి. బ్యాటరీ పాజిటివ్ కొస నుంచి జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు కాపాడేది ముఖ్యంగా తీగను. బ్యాటరీకి, ఫ్యూజుకు నడుమనున్న తీగకు ఏ రక్షణా ఉండదు. అది ఇనుప బాడీకి రాసుకుని తొడుగు తెగితే ఒక్కసారిగా వందల ఆంపియర్లు పారి మంటలు రేగవచ్చు.

ఫ్యూజు తర్వాత రిలే వస్తుంది. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి, విడదీసే పరికరమిది. సాధారణంగా దీనికి నాలుగు కాళ్లు, వాటి వద్ద అంకెలు ఉంటాయి. 30కి ఫ్యూజు మీదుగా వచ్చే తీగను, 87కి లైట్లకు వెళ్లే తీగను కలపాలి. 86కి డ్యాష్‌బోర్డు స్విచ్ నుంచి సన్నని తీగను, 85కి ఎర్తును ఇవ్వాలి. స్విచ్ వేయగానే రిలేలోని తీగచుట్ట అయస్కాంతంగా మారి 30ని, 87ని కలుపుతుంది. స్విచ్ గుండా పారేది అతి స్వల్పమైన కరెంటే కనుక అది వేడెక్కదు. తాళంచెవి తిప్పితేనే కరెంటు వచ్చే తీగ నుంచి స్విచ్‌కు కనెక్షన్ ఇస్తే, కారు ఆపగానే లైట్లూ ఆరిపోతాయి.

రెండు 55 వాట్ల లైట్లకు 15 ఆంపియర్ల ఫ్యూజు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ తగినవి. రాను, పోను కలిపి 10 మీటర్ల తీగ పడితే ఇందులో 0.6 వోల్టు వరకు తగ్గుతుంది. ఖర్చు ఆదా కోసం 1 చదరపు మిల్లీమీటరు తీగ వేస్తే ఒకటిన్నర వోల్టు తగ్గుతుంది. హాలోజన్ వెలుగులో దాదాపు మూడో వంతు తీగలోనే పోయినట్లు లెక్క.

పైకప్పుపై నిలిచేదెలా?

అయస్కాంతపు అడుగుభాగం ఉన్న లైట్లు ఉక్కు పైకప్పుకే అతుక్కుంటాయి. అద్దం, అల్యూమినియం, ఫైబర్ పైకప్పులపై నిలవవు. వేగం రెండింతలైతే గాలి ఒత్తిడి నాలుగింతలవుతుంది. కాబట్టి అయస్కాంతపు లైట్లను నిలిచి ఉన్న కారుకు, నెమ్మదిగా సాగే బాటలకే పరిమితం చేయాలి. లైటు జారినా ఎగిరిపోకుండా గట్టి తాడుతో క్యారియర్‌కు కట్టాలి. తగిలించే ముందు పైకప్పును, అయస్కాంతాన్ని తుడవాలి. లేకుంటే ఇసుక రేణువులు రంగును గీస్తాయి.

ఇంతకంటె మేలైన పద్ధతి, పైకప్పు పట్టాలకు అడ్డకడ్డీ బిగించి, దానికి క్లాంపులతో లైట్లను అమర్చడం. కడ్డీ ఎంత బరువు మోయగలదో కారు పుస్తకంలో చూసుకోవాలి. పైకప్పుకు రంధ్రాలు వేస్తే వాననీరు దిగి తుప్పు పడుతుంది.

తీగను తలుపు కీలు వైపున్న రబ్బరు అంచు కిందుగా లోనికి తేవచ్చు. వెలుపల తీగను కాస్త కిందికి వేలాడేలా వంపు తిప్పితే వాన నీరు అక్కడే జారిపోతుంది. పక్క ఎయిర్‌బ్యాగులున్న కార్లలో స్తంభాల కవర్ల లోపలికి తీగ చొప్పించరాదు. లైటు తీసివేసేందుకు నీరు చొరబడని ప్లగ్గు వాడాలి. బ్యాటరీ వైపు తీగకు రంధ్రాల సాకెట్, లైటు వైపు తీగకు పిన్నుల ప్లగ్గు ఉండాలి. తారుమారైతే, లైటు తీశాక కరెంటున్న పిన్నులు బయటికి కనబడుతూ బాడీకి తగిలే ప్రమాదముంది.

ఇంజిన్ ఆపి లైట్లు వాడేవారు సమయం గమనించాలి. 40 ఆంపియర్ అవర్ బ్యాటరీపై 9 ఆంపియర్ల లైట్లు రెండు గంటలు వెలిగితే దాదాపు సగం ఖాళీ అవుతుంది. ఆపై కారు స్టార్టు కాకపోవచ్చు.

ఎదుటివారి కళ్లు చెదిరితే..

పైనున్న లైటు కాంతి బానెట్‌పై పడి చోదకుడి కళ్లకే తిరిగి కొడుతుంది. అందుకే లైట్లను వీలైనంత వెనక్కి జరపాలి. చెరువు పక్కన చలికాలపు మంచులోనూ, ధూళిలోనూ ఎదుట తెల్లని తెర కట్టినట్లవుతుంది. అప్పుడు వాటిని ఆర్పి, కింది లైట్లతోనే వెళ్లాలి.

రహదారిపై ఇవే లైట్లు ఎదుట వచ్చే ద్విచక్రవాహనదారుని క్షణకాలం అంధుణ్ని చేస్తాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగుతుంది. అంతదూరం అతడు రోడ్డు చూడకుండానే ప్రయాణిస్తాడు. కేంద్ర మోటారు వాహన నిబంధనలు-1989లోని 111వ నిబంధన ప్రకారం రిజిస్టరింగ్ అథారిటీ అనుమతి లేనిదే వాహనం ముందుభాగాన స్పాట్‌లైట్లు, సెర్చిలైట్లు బిగించరాదు. ముందుకు ప్రసరించే కాంతి ఎదుటివారి కళ్లు చెదరనీయకుండా కిందికి వంగి ఉండాలని 106వ నిబంధన చెబుతోంది. అనుమతి లేని మార్పులకు ఒక్కో దానికి రూ.5 వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ విధించే వీలు 2019 సవరణతో వచ్చిన 182-ఎ సెక్షన్‌లో ఉంది. ఇక ఎరుపు బుగ్గల విషయానికొస్తే, 2017 మే 1 నుంచి ప్రముఖుల కార్లకే వాటిని తొలగించారు. ప్రైవేటు కార్లపై మెరిసే రంగు లైట్లకు తావులేదు.

పొలం దారిలో వెలిగిన లైటు తారురోడ్డు అంచుకు రాగానే ఆరిపోవాలి. కడ్డీ నుంచి విప్పి డిక్కీలో పెట్టుకుంటే ఇంకా మేలు. తీసిపెట్టే లైటు ఎంచుకున్నందుకు ప్రయోజనం అదే.