ఉల్లాపూల్ రచ్చబండ – స్కాట్లాండు దేశపు చర్చాగోష్ఠులు

‘కేలీ’ అనునది గేలిక్ భాషాపదము. స్కాట్లాండు ఉత్తరపు కొండసీమలలోను, పశ్చిమ ద్వీపములలోను తరతరములుగా వ్యవహారములో ఉన్న మాట. ఈనాడు ఆ పదము వినగానే చాలమందికి వాద్యములు, నృత్యములు స్ఫురించును గాని, దాని మొదటి అర్థము అంత ఆడంబరమైనది కాదు. చలికాలపు రాత్రి ఇరుగుపొరుగువారు ఒక ఇంట చేరి, పొయ్యి చుట్టును కూర్చొని, కథ వచ్చినవారు కథ, పాట వచ్చినవారు పాట, ఏమియు రానివారు ఊరి కబుర్లు చెప్పుకొనుట – అంతయే కేలీ. మన రచ్చబండకు పైన కప్పు వేసినచో కేలీ అగును. ఉర్దూ విభాగములోని మా మిత్రులొకరు ఇది విని, “అయితే అది మహ్ఫిల్ కదా సాబ్!” అన్నారు. మేము కాదనలేదు.

ఈ పదమునే పేరుగా పెట్టుకొన్న ‘కేలీ ప్లేస్’ అను వసతిగృహము ఉల్లాపూల్ అను గ్రామములో ఉన్నది. ఉల్లాపూల్ స్కాట్లాండు వాయవ్య తీరమున, లాక్ బ్రూమ్ అను సముద్రపు పాయ ఒడ్డున, ఇన్వర్నెస్ పట్టణమునకు సుమారు 90 కిలోమీటర్ల దూరములో కలదు. హెర్రింగ్ చేపల వేటకై 1788లో ప్రత్యేకముగా నిర్మించిన రేవు అది. నేటికిని అక్కడి జనసంఖ్య రెండు వేలకు మించదు. ఆ ఊరివాడే అయిన రాబర్ట్ ఉర్‌కార్ట్ అను నటుడు 1970లో అక్కడ ఒక పాత పడవల కొట్టములో చిన్న కాఫీ దుకాణము తెరిచాడు. అది పెరిగి, సభాశాల, పుస్తకముల అంగడి, బసగదులు కలిగిన సంస్థ అయినది. ఆ గదులలో టెలివిజన్ ఉండదట. దాని బదులు పుస్తకములుండును. మన వసతిగృహ విద్యార్థులకు ఇది వినసొంపుగా ఉండకపోవచ్చును.

2014వ సంవత్సరమునకు ముందరి దశాబ్దిలో ఈ కేలీ ప్లేస్‌లో ‘చేంజిన్ స్కాట్లాండ్’ అను పేరుతో వారాంతపు చర్చాగోష్ఠులు పలు పర్యాయములు జరిగినవి. గెరీ హాసన్ అను రచయిత, కేలీ ప్లేస్ నిర్వాహకురాలు జీన్ ఉర్‌కార్ట్ వీటికి సూత్రధారులు. ఆమె తరువాత 2011లో స్కాట్లాండు పార్లమెంటునకు ఎన్నికయ్యారు. ఆ పేరులోని ‘చేంజిన్’ అను మాటను గమనింపవలెను. ఇంగ్లీషు వ్యాకరణము ప్రకారము దాని చివర మరియొక అక్షరముండవలెను. ఆ అక్షరమును కావలెననియే వదలివేశారు. స్కాట్లాండు జనులు నోట పలుకునట్లే వ్రాశారు. రాజకీయములు, సంస్కృతి, భావములు – ఈ మూడింటిని గూర్చి వారాంతమంతయు మాట్లాడుకొనుట, నడుమ సంగీతము వినుట, భోజనమునకు ఒకే బల్లవద్ద కూర్చొనుట ఈ గోష్ఠుల పద్ధతి.

రాజధాని ఎడింబరో ఉండగా, అంతమంది అంతదూరము ఎందులకు పోవలెను? ఊరు దూరమగుటలోనే కొంత ఉపయోగమున్నదని మేము భావించుచున్నాము. నగరములో సభ ముగియగానే ఎవరి బస్సు వారు ఎక్కి పోవుదురు. ఉల్లాపూల్ వంటి చోట పగలు వేదికపై తీవ్రముగా విభేదించిన ఇరువురు రాత్రి ఒకే కప్పు క్రింద ఉండక తప్పదు. మరునాటి ఉదయము ఒకే అల్పాహారపు బల్లవద్ద ఎదురుపడక తప్పదు. ఎదుటివాని మాటకు సమాధానము చెప్పవలసిన అవసరము అక్కడ వేదిక దిగిన తరువాతను ఉండును. అయితే ఇందులో ఒక లోపము లేకపోలేదు. అంతదూరము ప్రయాణించి, రెండు రాత్రులు బసచేయగల తీరిక, స్తోమత అందరికి ఉండవు. రాలేనివారి మాట అట్టి సభలో వినబడదు. ఈ లోపము స్కాట్లాండు చర్చాగోష్ఠులకు క్రొత్తగా వచ్చినది కాదు. దాని మూలములు 18వ శతాబ్దిలోనే ఉన్నవి.

1707లో ఇంగ్లండుతో ఏర్పడిన సంయోగము వలన స్కాట్లాండు పార్లమెంటు అంతరించినది. చర్చి, న్యాయవ్యవస్థ, విద్యావిధానము మాత్రము వేరుగా మిగిలినవి. శాసనములు చేయుటకు సభ లేని దేశములో చదువుకొన్నవారు మాటలాడుకొనుటకు సభలు కట్టుకొన్నారు. వాటిలో ప్రసిద్ధమైనది 1754లో ఎడింబరోలో చిత్రకారుడు అలన్ రామ్సే చొరవతో ఏర్పడిన ‘సెలెక్ట్ సొసైటీ’. 15 మందితో మొదలై కొలదికాలములోనే నూరుమందిని దాటినది. తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్, అర్థశాస్త్రమునకు ఆద్యుడనదగిన ఆడమ్ స్మిత్ అందులో తొలి సభ్యులు. అక్కడ ఏ విషయమునైనను చర్చింపవచ్చును, నిషిద్ధములు రెండే. ఒకటి దైవదత్తమైన మతసత్యము, రెండవది పదవీచ్యుతమైన స్టూవర్ట్ రాజవంశమును సమర్థించు వాదము. కల్లోడెన్ యుద్ధము జరిగి అప్పటికి ఎనిమిదేండ్లే అయినది. ఆ గాయము ఇంకను పచ్చిగా ఉన్నది. అనగా ఏది ఆ దేశపు గుండెలో ఎక్కువగా మండుచున్నదో దానిని గూర్చియే మాటలాడరాదు!

ఆ సభను గూర్చి మమ్ము ఎక్కువగా ఆకర్షించిన విషయము మరియొకటి. హ్యూమ్, స్మిత్ ఇరువురును అక్కడ నోరు విప్పలేదని వారి సమకాలికుడైన అలెగ్జాండర్ కార్లైల్ అను మతాచార్యుడు తన ఆత్మకథలో వ్రాశాడు. స్మిత్ తొలి సమావేశములలో ఒకదానికి అధ్యక్షత వహించి, చర్చింపవలసిన ప్రశ్నలను ప్రకటించిన మాట నిజమే. ధాన్యము ఎగుమతికి ప్రభుత్వము ప్రోత్సాహక ధనమిచ్చుట మేలా, కీడా అనునది వాటిలో ఒకటి. 22 సంవత్సరముల తరువాత, 1776లో వెలువడిన ‘వెల్త్ ఆఫ్ నేషన్స్’ గ్రంథములో అదే విషయముపై ఆయన దీర్ఘముగా వ్రాశాడు. సభలో మౌనముగా కూర్చున్నవాడు వినలేదని ఎవరనగలరు?

ఇది వ్రాయుచుండగా మాకొక సంగతి జ్ఞాపకము వచ్చినది. కొంతకాలము క్రిందట ఒక వక్తృత్వపు పోటీకి మేము న్యాయనిర్ణేతగా కూర్చున్నాము. విషయము ‘మాతృభాషా మాధ్యమము’. ఒక విద్యార్థి కంఠస్థము చేసిన ప్రసంగమును ధారాళముగా అప్పగించాడు. ఒక్క మాట తడబడలేదు. మరియొక విద్యార్థి, ఇంట ఉర్దూ మాట్లాడువాడు, తెలుగులో మాట్లాడుచు నడుమ ఆగి, “నేనిప్పుడు చెప్పినది సరికాదేమో” అని తన వాదమును తానే సవరించుకొనబోయాడు. గంట మ్రోగినది. మేము బహుమతి మొదటివానికి ఇచ్చాము. ఆ గదిలో నిజముగా ఆలోచించినవాడు రెండవవాడేనని ఇంటికి పోవుచు దారిలో గ్రహించాము. అప్పటికి కప్పు చేతులు మారినది. ఆ విద్యార్థి తరువాత ఏ పోటీకిని పేరు ఇవ్వలేదు.

సెలెక్ట్ సొసైటీ పతనము గూడ భాషతో ముడిపడినదే. ఆనాటి స్కాట్లాండు పండితులకు ఇంగ్లీషు వ్రాయుటలో భయము లేదు గాని, పలుకుటలో సిగ్గు ఉండెడిది. హ్యూమ్ అంతటివాడు తన రచనలలో దొర్లు స్కాట్స్ పలుకుబడులను ఏరివేయుటకు వాటి పట్టికనే తయారుచేశాడు. 1761లో థామస్ షెరిడన్ అను ఐరిష్ నటుడు ఎడింబరోకు వచ్చి శుద్ధమైన ఇంగ్లీషు ఉచ్చారణపై ఉపన్యాసములిచ్చినపుడు పెద్దమనుషులు గుంపులుగా పోయి విన్నారు. పిమ్మట సెలెక్ట్ సొసైటీ సభ్యులే ఇంగ్లీషు చదువుటను, పలుకుటను నేర్పుటకు ఒక సంఘము పెట్టారు. జనులు నవ్వారు. కొలది సంవత్సరములలోనే మాతృసంస్థయు కనుమరుగైనది. అంతటి మేధావులు తమ నాలుకను చూచి తామే సిగ్గుపడుట మాకు విచారము కలిగించుచున్నది.

దీనికి బదులు అన్నట్లు, 1780 నవంబరులో టార్బోల్టన్ అను పల్లెలో ఏడుగురు ఎనమండుగురు యువకులు కూడి ‘బ్యాచిలర్స్ క్లబ్’ స్థాపించారు. మొదటి అధ్యక్షుడు 21 ఏండ్ల కౌలురైతు కుమారుడు రాబర్ట్ బర్న్స్. వారి మొదటి చర్చనీయాంశము వినదగినది: కలిమి లేని యువకుడు కలిమి గలదైనను రూపమును, మాటతీరును ఇంపుగా లేని యువతిని వివాహమాడవలెనా, కలిమి లేకున్నను అన్నివిధముల మనోహరురాలైన యువతిని వివాహమాడవలెనా? పగలంతయు నాగలి పట్టినవారు రాత్రి దీపము ముందు కూర్చొని దీనిని వాదించుకొన్నారు. ఆ నాగలి పట్టినవాడే పండితులు సిగ్గుపడిన స్కాట్స్ భాషలో కవిత్వము చెప్పి జాతీయకవి అయ్యాడు.

ఇక పార్లమెంటు మాట. 1979 మార్చి 1న స్కాట్లాండులో స్వయంపాలన సభ కావలెనా అని ప్రజల నడిగినపుడు ఓటు వేసినవారిలో 51.6 శాతము కావలెనన్నారు. కాని మొత్తము ఓటర్లలో 40 శాతము అంగీకరింపవలెనను నిబంధన ఉండుటచే, 32.9 శాతమే అయినదని ఆ ప్రయత్నము వీగిపోయినది. గెలిచియు ఓడిన ఆ దేశము మరల మాటలకే దిగినది. 1989లో చర్చిలు, కార్మిక సంఘములు, స్థానిక సంస్థలు, కొన్ని రాజకీయ పక్షములు ఎడింబరోలోని చర్చి మహాసభాభవనములో కూడి రాజ్యాంగ చర్చ ప్రారంభించాయి. కన్సర్వేటివులును, పూర్ణస్వాతంత్ర్యము కోరు జాతీయపక్షమును అందులో చేరలేదు. అయినను ఆ చర్చలలో రూపుదిద్దుకొన్న ప్రణాళికయే 1997 ప్రజాభిప్రాయ సేకరణకు పునాది. ఆ సంవత్సరము 74.3 శాతము అనుకూలముగా ఓటు వేశారు. 1999లో 129 మంది సభ్యులతో పార్లమెంటు మరల కూడినది; సొంత భవనము లేక, మొదటి ఐదేండ్లు అదే చర్చి మహాసభాభవనములో కూర్చున్నది.

అయినచో చర్చాగోష్ఠుల పని ముగిసినదా? ఉల్లాపూల్ గోష్ఠులు పార్లమెంటు వచ్చిన తరువాతనే ఆరంభమైనవను సంగతి ఇక్కడ గుర్తింపవలెను. సభ ఉండుట వేరు, ఆ సభలో ఏమి మాట్లాడవలెనో తెలియుట వేరు. 2014 సెప్టెంబరు 18న స్వాతంత్ర్యమును గూర్చి ప్రజల నడుగగా 55.3 శాతము వలదన్నారు, 44.7 శాతము కావలెనన్నారు. 84.6 శాతము ఓటు వేశారు. 16, 17 ఏండ్లవారికి గూడ ఓటుహక్కు నిచ్చారు – మన ఇంటర్మీడియట్ విద్యార్థుల ఈడువారు! ఒక దేశము ఉండవలెనా, విడిపోవలెనా అను ప్రశ్న రక్తపాతము లేక మాటలతోను, ఓట్లతోను తేలినది. ఆ ప్రశ్న నేటికిని సజీవముగా ఉన్నను, వాదన వాదనగానే సాగుచున్నది.

ఆ పార్లమెంటులో 2007లో ఎన్నికైన తొలి ఆసియా సంతతి సభ్యుడు బషీర్ అహ్మద్. అమృత్‌సర్‌లో జన్మించి, గ్లాస్గో నగరమునకు వలసపోయి, అక్కడ సిటీబస్సులలో పనిచేసినవారు. ఆయన ప్రమాణస్వీకారము ఇంగ్లీషులోను, ఉర్దూలోను చేశారు. తరువాత 2023లో ప్రథమమంత్రి అయిన హంజా యూసఫ్ గూడ 2011లో సభ్యుడుగా ఉర్దూలో ప్రమాణము చేశారు. 2025లో ఆ పార్లమెంటే గేలిక్, స్కాట్స్ భాషలకు అధికారిక హోదా కల్పించు చట్టమును ఆమోదించినది. షెరిడన్ ఉపన్యాసములకు పరుగెత్తిన పెద్దమనుషులు ఈ రెండు వార్తలను విని ఏమనెడివారో!

ఉల్లాపూల్ రేవు నుండి ఓడ ఎక్కినచో మూడు గంటలలోపే లూయిస్ ద్వీపములోని స్టోర్నోవే పట్టణము చేరవచ్చును. కైఫీయతుల సేకర్తగా మన చరిత్ర విద్యార్థులెరిగిన కల్నల్ కాలిన్ మెకంజీ జన్మస్థలము అదే. జన్మించినది సెలెక్ట్ సొసైటీ పుట్టిన 1754లోనే. కావలి వేంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఆయనకు ఊరూరి కరణముల మాటలు, పెద్దల జ్ఞాపకములు వ్రాయించి తెచ్చారు. అట్లు వ్రాయించకపోయినచో మన గ్రామముల చరిత్రలో ఎంతయో మాటగానే మిగిలి, మాటగానే పోయి ఉండెడిది. ఇంటి పొయ్యి చుట్టును చెప్పుకొన్న కథల విలువ గేలిక్ ద్వీపములో పుట్టినవానికి తెలిసియుండుట సహజమేనని మా ఊహ.

ఈ సంవత్సరము రెండవ టర్ము నుండి నెలకొక శనివారము మధ్యాహ్నము నమాజు తరువాత గ్రంథాలయపు వెనుక గదిలో ఒక గోష్ఠి జరుపవలెనని తలచుచున్నాము. న్యాయనిర్ణేతలుండరు, గంట ఉండదు, కప్పు ఉండదు. ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులో ముగించినను, నడుమ ఆగి “నేను చెప్పినది సరికాదేమో” అన్నను అభ్యంతరము లేదు. పైన చెప్పిన రెండవ విద్యార్థి ఇప్పుడు డిగ్రీ చివరి సంవత్సరములో ఉన్నాడు. మొదటి గోష్ఠికి విషయము నిర్ణయింపుమని అతనినే అడిగాము. ఆలోచించి చెప్పెదనన్నాడు. గది తాళముచెవికి ప్రిన్సిపాలుగారు అంగీకరించారు; చాయ్ ఖర్చు విషయము కమిటీ పెద్దలతో ఇంకను మాట్లాడవలసి ఉన్నది.