ఎండోమెట్రియోసిస్: బగ్ ఒక్క జీన్‌లో లేదు

“పీరియడ్స్ అన్నాక నొప్పి రాదా?” అని ఇంట్లో కొట్టిపారేస్తారు కదా, ఆ నొప్పి వెనక కొందరిలో ఎండోమెట్రియోసిస్ ఉంటుంది. అంటే గర్భసంచి లోపలి పొర లాంటి కణజాలం గర్భసంచి బయట పెరగడం.

కవలల మీద చేసిన స్టడీస్ ప్రకారం, ఇది ఎవరికి వస్తుందనే తేడాలో దాదాపు సగం జీన్స్ వల్లే. మరి ఏ జీన్? కోడింగ్‌కి అలవాటుపడ్డ బుర్ర ఒక్క లైన్ చూపించమంటుంది. అలాంటి లైన్ లేదు! 2023లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన స్టడీ జబ్బున్న 60,674 మందిని, లేని 7,01,926 మందితో పోల్చింది. జీనోమ్‌లో 42 చోట్ల తేడాలు దొరికాయి. ఒక్కోదాని ప్రభావం చాలా చిన్నది.

అందుకే సిస్టమ్స్ బయాలజీ కావాలి. పెద్ద యాప్ క్రాష్ అయితే ఏ సర్వీస్ దేన్ని పిలుస్తోందో ట్రేస్ చేస్తాం చూడండి, అలా ఏ జీన్ దేన్ని ఆన్ చేస్తోందో మొత్తం నెట్‌వర్క్ గీస్తారు. అలా గీస్తే ఈస్ట్రోజెన్‌ని పట్టుకునే ఈఎస్ఆర్1, దాని సిగ్నల్‌తో పనిచేసే గ్రెబ్1 ఒకే దారిలో కనిపిస్తాయి.

నన్ను ఆపేసింది మాత్రం ఇంకోటి. మైగ్రేన్, వెన్నునొప్పితో కూడా ఈ జబ్బుకి జన్యు సంబంధం ఉందని అదే స్టడీ చూపించింది. అంటే నొప్పిని మోసే నరాల సంగతి కూడా ఇందులో ఉండొచ్చన్నమాట. “ఊరికే ఎక్కువ చేస్తోంది” అనేవాళ్లకి ఇది పంపండి.

ఒక్కటి: ఆ డేటా యూరప్, తూర్పు ఆసియా మూలాలవాళ్లది. మనవాళ్లది అందులో లేదు. పైగా డీఎన్ఏ టెస్ట్‌తో ఈ జబ్బుని తేల్చడం ఇప్పటికైతే కుదరదు, ఆ యాడ్‌లకి డబ్బులు పెట్టకండి. నొప్పితో కాలేజీ మానేయాల్సి వస్తుంటే గైనకాలజిస్ట్‌ని కలవండి.